పావు బిళ్ళ మీద ఎర్ర సిరా

మందుల కౌంటరు వెనక కొత్తగా కుర్చీ వేసుకోబోతున్న పిల్లలూ, మీ కాలేజీలో ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. ఆ కిటికీ మూడడుగుల వెడల్పు కూడా ఉండదు. కానీ దాని వెనక ముప్ఫై నాలుగేళ్ళు కూర్చుంటే లోకంలో అందరూ తప్పులు రాసేవాళ్ళుగా కనిపిస్తారు, మనమొక్కళ్ళమే వాటిని పట్టుకునేవాళ్ళంగా కనిపిస్తాం. నాకు ఆ జబ్బు బాగా ముదిరింది. అది కుదిరిన వైనమే ఇది.

నేను ఫార్మసిస్టుని. బొబ్బిలి దగ్గర ఒక చిన్న గుడిలో అర్చకత్వం చేసుకునే ఇంట్లో పుట్టాను. మా నాన్న తీర్థం ఇచ్చే తీరు చూస్తూ పెరిగాను. అదే ఉద్ధరిణె, అందరికీ అంతే. కరణంగారు చెయ్యి చాపినా, గొడ్లు కాసేవాడు చెయ్యి చాపినా ఒక చుక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఆ న్యాయాన్నే ప్రభుత్వ ఆసుపత్రికి పట్టుకొచ్చాను. పెద్దలకింత, పిల్లలకింత. మందుల దగ్గర మొహమాటాలూ మినహాయింపులూ నాకు గిట్టవు. ఆసుపత్రిలో అందరూ నన్ను పంతులుగారనే పిలిచేవారు. తీర్థానికొచ్చినట్టే వరసలో నిలబడేవారు కూడా.

ఇక ఎర్ర కలం సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డాక్టరుగారు తొందరలో ఒక ముసలాయన మందు చీటీలో ఒక సున్నా ఎక్కువ పెట్టేశారు. నేను పట్టుకున్నాను. ఆయన అందరి ముందూ నా భుజం తట్టి, "నువ్వు లేకపోతే ఆ ముసలాయన పోయేవాడయ్యా" అన్నారు. ఆయన చాలా మంచివారు. ఆ ఒక్క మాటతో నన్ను జన్మకి సరిపడా పాడుచేశారు. మర్నాడే ఎర్ర కలం కొనుక్కుని జేబులో పెట్టుకున్నాను. అప్పటినుంచి దిద్దడానికి తప్పు దొరకని రోజున నాకు అన్నం సయించేది కాదు. ఏమీ దొరక్కపోతే రోగి పేరులో దీర్ఘమైనా సరిచేసి పంపేవాణ్ని.

భోగాపురం వైపు విమానాశ్రయం కోసం భూములు కొలుస్తున్న రోజుల్లో మా ఆసుపత్రికి ఒక కొత్త పథకం వచ్చింది. రక్త క్యాన్సరు వచ్చిన పిల్లలకు మొదటి కొన్ని నెలలు విశాఖలో పెద్దాసుపత్రిలో వైద్యం చేస్తారు. ఆ తర్వాత రెండేళ్ళపాటు ఇంటి దగ్గరే ఉండి బిళ్ళలు మింగాలి. ఆ బిళ్ళలు నెలనెలా మా కౌంటరులో ఇచ్చి, రక్తపరీక్ష మా దగ్గరే చేసేటట్టు ఏర్పాటు. ఏ పిల్లకు ఎంత మోతాదో విశాఖ డాక్టర్లు ఒక నోటుపుస్తకంలో రాసి పంపుతారు. ప్రారంభోత్సవానికి రిబ్బను కత్తిరించారు. "ప్రతి బిడ్డకూ తన జన్యువు, తన మందు, తన మోతాదు" అని పెద్ద బ్యానరు రాయించి సరిగ్గా నా కిటికీ పైన కట్టారు. నేను లోపల కూర్చునేవాణ్ని కాబట్టి నాకెప్పుడూ దాని వెనకవైపే కనిపించేది.

ఒక ఉదయం ఒకామె ఆరేళ్ళ పిల్లని చంకనేసుకుని వచ్చింది. భోగాపురం అవతల సముద్రపొడ్డు పల్లె. చేపల తట్ట గోడవారన దింపి, చెయ్యి కడుక్కుని, ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన నోటుపుస్తకం నా ముందు పెట్టింది. తెరిచి చూశాను. ఆ పసుపు బిళ్ళ ఆ వయసు పిల్లకు మామూలుగా రోజుకొకటి. ఇందులో "పావు బిళ్ళ, రోజు విడిచి రోజు" అని ఉంది. లెక్క కట్టుకోండి, ఇవ్వాల్సిన దాంట్లో ఎనిమిదో వంతు! ఎలకకి కూడా చాలదు. విశాఖలో కూడా నిద్రపోతున్నారన్నమాట అనుకుని లోలోపల పొంగిపోయాను. దాని కింద ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో రెండు లైన్లున్నాయి. మొదట్లోనే అక్షరాలూ అంకెలూ కలిసిన పేరేదో కనిపిస్తే, రిజిస్ట్రేషను నంబరు కాబోలనుకుని వదిలేశాను.

"ఏమ్మా, ఇక్కడ తప్పు రాశారు. రోజుకొకటి వెయ్యాలి. దిద్దుతున్నాను" అన్నాను.

"అదేటి బాబూ! పావేనని ఆ డాట్రమ్మ మూడుమార్లు సెప్పినారు. ముందల ఒకటేసి ఇచ్చినప్పుడు మా గుంటకి నోరంతా పూసిపోనాది. రగతంలో బలం దిగిపోనాది. దీని ఒంటికి ఈ మందు అరగదంట. ఏదో పరీచ్చ సేసి మరీ సెప్పినారు."

"నోరు వేడి చేస్తే పూస్తుంది. పిల్లకి మజ్జిగ పట్టు."

ఆమె కదల్లేదు. "అందరికీ ఒక్కలాగే ఏస్తారేటి పంతులుబాబూ? నాను సేపలమ్ముకుంటాను. బాలింతరాలి ఇంటికాడ పాలు పడతాయని పాలసొర దింపుతాను. ఒళ్ళంతా దురదలున్నోడు రొయ్యలడిగితే డబ్బిచ్చినా ఎయ్యను. మనిసిని బట్టే కదా తిండి? మందైతే మాత్రం కాదేటి?"

వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. జన్మలో చేప ముట్టని నాకు చేపల మీద పాఠం! చిర్రెత్తుకొచ్చింది. "చేపలు నీకు తెలుసు, మందులు నాకు తెలుసు. జరుగు, వెనక జనం ఉన్నారు" అని కసిరి, ఆ పావునీ, రోజు విడిచి రోజునీ కొట్టేసి పక్కన ఎర్రగా ఒకటి వేసి, ముప్ఫై బిళ్ళలు లెక్కపెట్టి ఇచ్చాను.

ఆమె ఆ ఎర్ర అంకెకేసి కాసేపు చూసింది. "ఎర్రగా రాసినారంటే పెద్దాపీసరు మాటేనా బాబూ?"

"అవును" అన్నాను. ఆ మాట నా నోటినుంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

తర్వాతి నెల ఆమె రాలేదు. రిజిస్టరులో ఆ గడి ఖాళీగా ఉండడం చూసి, "వీళ్ళింతే, ఉచితంగా ఇస్తున్నా రారు" అని పక్కనున్న స్టాఫ్ నర్సుతో అన్నాను. స్టాఫ్ నర్సు కోటబొమ్మాళి మనిషి. పదేళ్ళుగా నాతో పనిచేస్తోంది. ఎవర్నైనా తిట్టే ముందు వాళ్ళింట్లో ఏం జరిగిందో కనుక్కునే అలవాటున్న మనిషి. ఆవిడ రిజిస్టరులో ఆ పల్లె పేరు చూసుకుంది.

ఆ పై నెల పథకం మీద జిల్లా సమీక్ష పెట్టారు. నలభై మందిమి హాజరయ్యాం. జ్యోతి ప్రజ్వలనతో మొదలు. ఫ్యాను వేస్తే దీపం ఆరిపోతోంది, ఫ్యాను కట్టేస్తే అధికారులు ఆరిపోతున్నారు. చివరికి ఒక అటెండరు గొడుగు అడ్డం పట్టాక వెలిగింది. ఫలితాలు బాగా లేకపోవడానికి కారణాలేమిటో సీనియర్లు చెప్పాలని సూపరింటెండెంటుగారు అన్నారు. అందరూ నాకేసి చూశారు. నేను లేచాను.

"కారణం ఒక్కటే సార్, తల్లుల అజ్ఞానం. మనం ఒకటి రాసిస్తే ఇంటికెళ్ళి ఇంకొకటి చేస్తారు. మోతాదుల్లో వేలు పెడతారు. చదువు లేని చేతుల్లో ఇంత ఖరీదైన శాస్త్రం పెట్టడం కోతికి కొబ్బరికాయ ఇవ్వడమే" అన్నాను. చప్పట్లు కొట్టారు. పంతులుగారి అనుభవం మనకు మార్గదర్శకమని సూపరింటెండెంటుగారు సెలవిచ్చారు. నేను ఉత్తరీయం సర్దుకుని కూర్చున్నాను.

తర్వాత విశాఖనుంచి వచ్చిన డాక్టరమ్మ లేచింది. చిన్న పిల్ల, నా కూతురికన్నా చిన్నది. మాటల్లో డాబు లేదు. "ఈ బిళ్ళ రోగకణాల్ని చంపుతుంది. మోతాదు మించితే మంచి కణాల్ని కూడా చంపుతుంది. ఒంట్లో చేరిన మందు అలా మించిపోకుండా విరిచేసే పని ఒక జన్యువు చూసుకుంటుంది. కొందరు పిల్లల్లో పుట్టుకతోనే అది సరిగా పనిచెయ్యదు. వాళ్ళకి అందరికీ ఇచ్చే మోతాదే విషం. అందుకే ముందు జన్యువు చూసి, ఆ తర్వాతే పావో అరో నిర్ణయిస్తాం" అంది.

తెర మీద ఆ జన్యువు పేరు పడింది. అక్షరాలూ అంకెలూ. నేను రిజిస్ట్రేషను నంబరనుకున్నది అదే.

"ఇందాక పెద్దాయన చెప్పారే, అలాంటి కేసే మాకు వచ్చింది" అని ఆమె బొత్తం నొక్కింది. ముందు ఆ కేసులో తల్లి ఇచ్చిన అంగీకార పత్రం కనిపించింది. కింద సంతకం ఉండాల్సిన చోట నీలంగా వేలిముద్ర. మళ్ళీ నొక్కింది. నోటుపుస్తకంలో పేజీ. పావు కొట్టేసి ఉంది. పక్కన ఎర్రగా ఒకటి. దాని తల మీద కొక్కెం, కింద అడ్డగీత. గోడంత పెద్దది చేసి చూపిస్తే ఎవరి చేతిరాతైనా ఎంత పొగరుగా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది.

"పదకొండు రోజులు రోజుకొకటి వేసింది. నోరు పూసింది, జ్వరం వచ్చింది. మా దగ్గరికి తెచ్చేసరికి తెల్లకణాలు దాదాపు అడుగంటాయి. పద్దెనిమిది రోజులు ఉంచుకుని ఎలాగో దక్కించుకున్నాం. ఇది ఎవరు దిద్దారని అడిగితే 'నానే దిద్దీసినాను' అంది తల్లి" అని డాక్టరమ్మ నిట్టూర్చింది.

హాలంతా చ్చొచ్చొచ్చొ అంది. నలభైమంది చదువుకున్నవాళ్ళం. వేలిముద్ర వేసిన మనిషి రెండో బొమ్మలో ఎర్ర కలం పట్టి ఒకటికి కొక్కెం ఎలా పెట్టిందని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు, నాకు తెలుసు గనక.

సూపరింటెండెంటుగారు వెంటనే తీర్మానానికొచ్చేశారు. ఈ పావులూ అరలూ మన జిల్లా తల్లులకు కుదరవు. ఈ పిల్లకు ఇంటి దగ్గర బిళ్ళలు ఆపేసి, మిగతా వైద్యమంతా విశాఖలోనే ఉండి చేయించుకోమని రాద్దాం. భోజనాలయ్యాక సంతకాలు. చెప్పడానికి బాగానే ఉంది. తట్ట దింపితే గాని పొయ్యి వెలగని మనిషి ఏడాదిన్నర విశాఖలో ఎలా కూర్చుంటుంది? అలాంటివాళ్ళు రెండు నెలలు చూసి ఇంటికి వెళ్ళిపోతారు. మందు మధ్యలో మానేస్తే ఆ జబ్బు తిరగబెడుతుంది. తిరగబెడితే ఆ పిల్ల దక్కడం కష్టం. ఇదంతా ఆ హాల్లో అందరికీ తెలుసు.

భోజనంలో పులిహోర, బూరెలు. నేను పులిహోర కెలుకుతూ కూర్చున్నాను. స్టాఫ్ నర్సు ప్లేటు పట్టుకుని వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది.

"పంతులుగారూ, ఆ కొక్కెం ఒకటి మీదే కదండీ."

"ఏ కొక్కెం?"

"పదేళ్ళబట్టి మీ కవర్లు సూస్తన్నాను. నాకాడ బుకాయించకండి. ఆ గుంటకి జొరమొచ్చిందని నాకప్పుడే తెలిసింది గానీ, ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసింది." ఆవిడ బూరె తుంచి నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలింది. "నాను సెప్తే మీ పరువు పోతాది. మీరే సెప్తే ఉజ్జోగానికి ముప్పుంటాది గానీ, పరువు కొంచెం మిగుల్తాది. సూసుకోండి."

నాకింకా ఎనిమిది నెలల సర్వీసుంది. భయం వేసింది. పిల్ల గురించి కాదు, పింఛను గురించి. ఈ ముక్క రాయకుండా దాటేద్దామని చాలాసేపు ఆలోచించాను. కానీ మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఆ పులిహోర ముందు కూర్చుంటారు. అప్పుడు మొదట గుర్తొచ్చేది రోగి కాదని ముందే తెలిస్తే మంచిది.

సంతకాల కాగితం నా దాకా వచ్చాక లేచి నిలబడ్డాను. "ఆ ఒకటి నాదండీ" అన్నాను.

సూపరింటెండెంటుగారు నవ్వారు. "మీకు బీపీ ఉంది కదూ? కూర్చోండి, మంచినీళ్ళు తాగండి."

"బీపీ వేరండీ. పావు కొట్టేసి ఒకటి రాసింది నేనే. ఆమె వద్దంది. పెద్దాఫీసరు మాటేనా అంటే అవునని అబద్ధం కూడా చెప్పాను."

అందరికన్నా ముందు తేరుకున్నది మా క్లర్కు. "సార్, ఫారంలో కారణానికి మూడు గళ్ళే ఉన్నాయి. తల్లి అజ్ఞానం, నాటువైద్యం, ప్రయాణ దూరం. సిబ్బంది తప్పుకి గడి లేదు సార్" అన్నాడు. దాని మీద అరగంట చర్చ జరిగింది. గడి లేని కారణాన్ని కారణంగా గుర్తించవచ్చునా అని ఒకరు, ప్రయాణ దూరంలో సర్దేద్దామని ఇంకొకరు. పిల్ల మాట ఎవరికీ గుర్తులేదు.

డాక్టరమ్మ మాత్రం నాకేసే చూస్తోంది. "కింద రెండు లైన్లు రాశాను. చదవలేదా?" అంది.

"లేదమ్మా."

"ఎందుకు?"

"నాకు తెలుసనుకున్నాను."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కేసు షీటు తెచ్చి నా ముందు పెట్టి, "మీ చేత్తోనే సరిచెయ్యండి" అంది. జేబులోంచి ఎర్ర కలం తీశాను. "తల్లి అజ్ఞానం" అన్నచోట మొదటి మాట కొట్టేసి, పైన "మందులిచ్చినవాడి" అని రాసి సంతకం చేశాను. తీర్మానం కాగితం చింపేశారు. పిల్లకు పావు బిళ్ళ ఇంటి దగ్గరే సాగించాలని డాక్టరమ్మ అక్కడే రాయించింది.

వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది. ఆదరాబాదరాగా చదివాను. "ఎర్ర సిరా ఉపయోగించుటకు తమకు గల అధికారమేమి? మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను" అని ఉంది. పిల్ల గురించి ఒక్క మాట లేదు, కింద సంతకం మాత్రం ఆకుపచ్చ సిరాతో నిగనిగలాడుతోంది. అధికారమేమీ లేదని నీలి సిరాతో రాసిచ్చాను. ఒక ఇంక్రిమెంటు కోశారు. మందుల కౌంటర్లన్నిటిలో ఇకపై నీలి సిరా మాత్రమే వాడాలని జిల్లా అంతటికీ సర్క్యులరు వెళ్ళింది. జన్యు పరీక్ష గురించి ఫార్మసిస్టులకు ఒక్క పూట పాఠం చెప్పించాలని నేను పెట్టుకున్న అర్జీ పరిశీలనలో ఉందన్నారు. ఈపాటికి పరిశీలన ముగిసిందేమో నాకు తెలియదు.

ఆ నెల ఆమె వచ్చింది. పిల్ల ఈసారి చంకలో లేదు, తల్లి కొంగు పట్టుకుని నడిచి వచ్చింది. నెత్తి మీద పొట్టిగా జుట్టు మొలిచింది. ముప్ఫై నాలుగేళ్ళలో మొదటిసారి నేను కౌంటరు తలుపు తీసుకుని బయటికి వెళ్ళాను.

"నేను చేసిన తప్పు నీ మీదెందుకు వేసుకున్నావమ్మా?" అని అడిగాను. దణ్ణం పెడదామనుకున్నాను గాని చేతులు లేవలేదు.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నీ మీద జాలేసీసి అనుకున్నావేటి? లేదు బాబూ. నీ పేరు సెప్తే నిన్ను తీసీస్తారు. కొత్తోడొస్తాడు. ఆడికీ ఎర్ర కలముంటాది. ఆడూ పావుని ఒకటి సేస్తాడు. నువ్వైతే ఓమారు సేసీసినావు. సేసినోడికి బయ్యముంటాది. మా గుంటకి బయ్యమున్నోడు కావాల."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె అదేమీ పట్టించుకోలేదు. "ఇంద, పావంటే ఎంతో నా ముందల కోసి సూపించు" అంది. చేతికి తొడుగులు వేసుకుని బిళ్ళని నాలుగు చేశాను. వేలు తగలనివ్వకుండా ఒక్కో ముక్కా తిప్పించి చూసింది. కొయ్యడంలో ఆమె కన్ను ముందు నా కన్ను ఎందుకూ పనికిరాదు. "ఇది పెద్దగున్నాది. పక్కనెట్టి, ఇంకోటి కొయ్యి" అంది. కోశాను. పిల్ల నాకేసి చూసి నవ్వింది. దాని ముందు పళ్ళు రెండూ ఊడి ఉన్నాయి.

అలా ఎనిమిది నెలలూ ఆమె నిలబడి చూస్తుండగానే కోశాను. రిటైరైన రోజున శాలువా కప్పారు, పంతులుగారు ఒక్క తప్పు కూడా పోనిచ్చేవారు కాదని సూపరింటెండెంటుగారు ప్రసంగించారు. స్టాఫ్ నర్సు దగ్గు వచ్చినట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ సాయంత్రమే కొత్త ఫార్మసిస్టుని కూర్చోబెట్టి ఆ నోటుపుస్తకం అక్షరం అక్షరం చదివించాను, కింద రెండు లైన్లతో సహా. అబ్బాయి బుద్ధిమంతుడు, బాగా చదువుకున్నవాడు.

మర్నాడు బిళ్ళలు తీసుకునే రోజు. ఆమెకు కొత్తాయన్ని పరిచయం చేద్దామని వెళ్ళాను. ఆమె కిటికీలోంచి అతన్ని కాసేపు పరికించి నావైపు తిరిగింది.

"ఈ బాబు ఎప్పుడైనా తప్పు సేసేడేటి?"

"ఇంకా లేదమ్మా. చాలా జాగ్రత్త మనిషి."

"అయితే వచ్చే నెల నువ్వు కూడా రా" అంది.

వెళ్ళాను. ఆ పిల్లకి వైద్యం పూర్తై బిళ్ళలు ఆపేసిన రోజు దాకా ప్రతి నెలా వెళ్ళి, కిటికీకి బయటివైపు ఆమె పక్కన నిలబడ్డాను. అక్కణ్ణుంచి చూస్తే ఆ బ్యానరు ముందువైపు కనిపిస్తుంది. రంగు వెలిసిపోయింది గాని, అక్షరాలు చదవడానికి వస్తాయి.